డ్రగ్ టెస్ట్ పాజిటివ్ వచ్చింది, కేసు బుక్కయింది, ఇప్పుడేంది? నల్లగొండ, పాలమూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

గంజాయి, డ్రగ్స్ కేసుల గురించి నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ సైడు నుంచి, ఇటు పాలమూరు, జడ్చర్ల, వనపర్తి నుంచి వచ్చే ఫోన్లల్ల తిప్పి తిప్పి అడిగేవి ఇవే, అందుకే అన్నీ ఒక్కకాడ రాసిపెడుతున్న. ఇదంతా ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే 1985ల వచ్చిన మత్తుపదార్థాల చట్టం మీద. మీ కాయితాలు చూడకుండ మీ కేసు గురించి ఎవ్వరూ గ్యారంటీగ చెప్పలేరు, నేను గూడ చెప్పను. ఒకటి మాత్రం మొదట్నే చెప్త. మనోళ్లు ల్యాబు రిపోర్టుల "గంజాయే" అని ఉంటే చాలు చేతులెత్తేస్తరు. ల్యాబుకు పోయిన ఆ పొట్లం మీవోని దగ్గర దొరికిందేనా, బరువెంత, మధ్యల ఎన్ని చేతులు మారింది, అసలు పని అక్కడుంటది.

మా పిలగాన్ని పట్టుకపోయి స్టేషన్‌ల యూరిన్ కిట్‌తోని చూస్తే పాజిటివ్ అన్నరట. ఇగ కేసు అయిపోయినట్టేనా?

కాలేదు. ఆ కిట్ మొదటి వడపోత కోసం చేసింది, తేల్చి చెప్పడానికి కాదు. ఆ మాట కిట్ డబ్బాల ఉండే కాయితంలనే రాసి ఉంటది, పాజిటివ్ వస్తే జీసీ-ఎంఎస్ లాంటి మిషన్ మీద మళ్లీ చూసుకోవాలె అని. ఆ కాయితం సంపాదించి మీ లాయర్‌కు ఇయ్యండి, క్రాస్ ఎగ్జామినేషన్‌ల దానికంటే మంచి ఆయుధం లేదు.

ఇంకోటి చాలామందికి తెల్వది. ఈ స్ట్రిప్ చూసే పద్ధతి ప్రెగ్నెన్సీ స్ట్రిప్‌కు ఉల్టా. 'సి' కాడ ఒక గీత ఎట్లైనా రావాలె, రాకపోతే టెస్టే చెల్లదు. 'టి' కాడ గీత రాకపోతే పాజిటివ్, వస్తే నెగెటివ్, అది ఎంత లేతగ ఉన్నా సరే నెగెటివే. రాత్రి పదకొండు గంటలకు చెక్‌పోస్టు కాడ సెల్‌ఫోన్ లైట్ల చూసి లేత గీతను "ఏం లేదు" అనుకున్నరంటే నెగెటివ్ గాస్తా పాజిటివ్ అయితది. దానికితోడు చెప్పిన టైముకే చూడాలె, అరగంట పక్కన పెట్టి చూస్తే అది లెక్కల రాదు. అందుకే అడగాల్సినవి ఏందంటే, స్ట్రిప్ ఫోటో ఉన్నదా, ఫోటో మీద టైము ఉన్నదా, కిట్ ఎక్స్‌పైరీ ఎప్పుడు, చూసినాయనకు ట్రైనింగ్ ఉన్నదా, మిగిలిన యూరిన్ సీల్ జేసి ల్యాబుకు పంపిన్రా లేక పారబోసిన్రా. పారబోస్తే మళ్లీ టెస్ట్ చేసే దారే లేదు, ఆ నష్టం వాళ్ల ఖాతాలనే పడాలె అని గట్టిగ వాదించొచ్చు.

యూరిన్, బ్లడ్ ఇయ్యను అని అనొచ్చా?

"నా ఒంట్లకెళ్లి తీసేది నా మీదనే సాక్ష్యం అయితది, అది రాజ్యాంగానికి విరుద్ధం" అని చాలామంది వాదిస్తరు. 1961ల కథీ కాలు ఒఘడ్ కేసుల సుప్రీంకోర్టు చెప్పిన దాని ప్రకారం వేలిముద్రలు, చేతిరాత నమూనాల లాంటివి ఆర్టికల్ 20(3) (తన మీద తనే సాక్ష్యం చెప్పాలని బలవంతం చెయ్యొద్దన్న హక్కు) కిందికి రావు, అందుకే ఈ వాదన ఒక్కదాన్ని నమ్ముకుంటే నిలబడదు. పని జేసేది ఇంకోటి ఉన్నది. అరెస్టయిన మనిషిని పోలీసులు అడిగితే పరీక్ష చెయ్యడం గురించి బీఎన్‌ఎస్‌ఎస్ (పోలీసు, కోర్టు పద్ధతుల కొత్త చట్టం) సెక్షన్ 51 చెప్తది (పాత సీఆర్‌పీసీల 53), అది చేసేది రిజిస్టర్డ్ డాక్టరు. అరెస్టే చూపించకుండ, డాక్టరే లేకుండ, బస్టాండు పక్కన ఒక కానిస్టేబుల్ డబ్బా చేతిల పెట్టి పోయించుకున్నడంటే అది ఏ సెక్షన్ కింద చేసిన్రని అడగాలె. స్పాట్ల మాత్రం కొట్లాట పెట్టుకోవద్దు, డ్యూటీకి అడ్డం వచ్చిండని ఇంకో కేసు పడితే రెండు తలకాయ నొప్పులు.

పాజిటివ్ వచ్చిందంటే ఆ రోజు తాగినట్టే గదా?

అట్ల కాదు, ఈ ముక్క లాయర్లే చాలాసార్లు వదిలేస్తరు. యూరిన్‌ల కనబడేది గంజాయి కాదు, ఒళ్లు దాన్ని అరిగించినంక మిగిలే పదార్థం. ఎప్పుడో ఒకసారి తాగినోనికి మూడు రోజుల దాంక కనబడొచ్చు, రోజూ తాగేటోనికి నెల దాంక గూడ. అంటే ఎఫ్‌ఐఆర్‌ల "ఫలానా తారీఖు, ఫలానా వెంచర్ల, చెట్ల పొదలకాడ గంజాయి తాగుతుండగా పట్టుకున్నాము" అని రాస్తే ఆ స్ట్రిప్ ఆ తారీఖును గానీ ఆ చోటును గానీ రుజువు చెయ్యదు. స్పాట్ల బీడీ ముక్క, కాలిన పొడి, చిలుము ఏదన్న దొరికిందా, దొరికితే ల్యాబుకు పోయిందా, పోతే ఏం వచ్చింది అన్నది చూడాలె.

గంజాయి తాగినందుకు సెక్షన్ 27(బి) పడతది, ఆరు నెలల దాంక జైలు లేదా 10,000 రూపాయల దాంక జరిమానా లేదా రెండూ. కొకైన్, హెరాయిన్ లాంటివైతే 27(ఎ), ఏడాది దాంక, 20,000 దాంక.

ఏం తాగకున్నా పాజిటివ్ ఎట్ల వస్తది?

ఆ కిట్ ఒక పదార్థాన్ని పేరు పెట్టి గుర్తుపట్టదు, దాని ఆకారం లాంటిది ఏదొచ్చినా పట్టుకుంటది. మన ఇండ్లల్ల మటన్ కూరల, మసాలల వేసే గసగసాలు ఓపియం పంటకెళ్లి వచ్చినయే, మంచిగ పట్టిచ్చి తింటే ఓపియేట్స్ స్ట్రిప్ మీద కనబడే అవకాశం ఉన్నది. కోడిన్ ఉన్న దగ్గు సిరప్ తాగితే అదే కథ. గ్యాస్‌కు వేసుకునే పాంటోప్రజోల్ వల్ల గంజాయి స్ట్రిప్ తప్పుగ చూపించే సందర్భాలున్నయి, జలుబు గోలీలల్ల ఉండే సూడోఎఫెడ్రిన్ ఆంఫెటమైన్ కాడ తిప్పలు పెడతది. పాంటోప్రజోల్, సూడోఎఫెడ్రిన్ లాంటివి జీసీ-ఎంఎస్ మీద చూస్తే తేలిపోయేవే (గసగసాలు, కోడిన్ అయితే ఆ మిషన్ మీద గూడ కనబడొచ్చు), అందుకే కన్ఫర్మేషన్ టెస్ట్ లేని కేసులనే ఈ వాదనకు బలం.

అయితే ఊరికె "గ్యాస్ గోలీ ఏసుకున్న సార్" అంటే జడ్జి నమ్మడు. పట్టుకున్న రోజుకు ముందటి మందుల చిట్టి, మెడికల్ షాపు బిల్లు కావాలె. కేసు అయినంక తెచ్చిన చిట్టి చూస్తే ఎవ్వరికైనా అర్థమైతది. ఇక "పక్కనోడు తాగుతుంటె పొగ పీల్చిన" అన్న మాట, దయచేసి దాన్ని మెయిన్ డిఫెన్స్ చెయ్యకండి. మామూలు కిట్లల్ల గంజాయికి మిల్లీలీటరుకు 50 నానోగ్రాముల కటాఫ్ పెడతరు, అంటే అంత దాటితేనే పాజిటివ్, మూసిన రూముల మస్తు సేపు కూసుంటె తప్ప పక్కనోని పొగతోని అంత రాదు.

మా నాయన రోజూ కల్లు తాగుతడు. టెస్టుల అల్ప్రాజోలం వచ్చిందంటున్నరు. ఆయనకు ఆ పేరు పలకనీకి గూడ రాదు.

ఇది మన దిక్కు ప్రశ్న, వేరే జిల్లాలోళ్లకు చెప్తే నవ్వుతరు గానీ పాలమూరోళ్లకు, నల్లగొండోళ్లకు తెలుసు. కల్లు డిపోలల్ల అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మిన కేసులు ఎన్నేండ్ల సంది నడుస్తున్నయో లెక్కలేదు. అల్ప్రాజోలం సైకోట్రోపిక్ పదార్థం, ఎన్‌డీపీఎస్ కిందికే వస్తది, చిన్న మోతాదు 5 గ్రాములు, 100 గ్రాములు దాటితే కమర్షియల్, అంటే వ్యాపార మోతాదు. కల్తీ కల్లు తాగిన మనిషి యూరిన్‌ల బెంజోడయాజెపైన్ (అల్ప్రాజోలం, డైజిపామ్ రకం మందుల) స్ట్రిప్ పాజిటివ్ రావడం వింతేం కాదు.

చిక్కు ఎక్కడున్నదంటే సెక్షన్ 35. ఇట్లాంటి కేసులల్ల నిందితునికి తెలిసే చేసిండని కోర్టు ముందే అనుకుంటది, తెల్వదని చూపించే బరువు మన మీద పడతది, అది గూడ ఏదో అటూ ఇటూగ కాదు, అనుమానానికి తావు లేకుండ చూపించాలె. అందుకే వట్టి నోటి మాట సరిపోదు. ఏ డిపోల తాగుతడు, ఆ డిపో మీద ఎక్సైజోళ్లు ఎప్పుడన్న కేసు పెట్టిన్రా, అదే డిపో కల్లు తాగి ఎవరన్న ఆసుపత్రిల పడ్డరా, ఆ ఆసుపత్రి కాయితాలు దొరుకుతయా, ఇవన్నీ జమ చెయ్యాలె. నిద్ర పట్టక డాక్టరే అల్ప్రాజోలం రాసిచ్చి ఉంటే ఆ చిట్టి ఒక్కటే మస్తు పనికొస్తది, వైద్యం కోసం వాడే దానికి సెక్షన్ 8లనే మినహాయింపు ఉన్నది. మళ్లొకటి, లోపల పెట్టినంక కల్లు ఒక్కసారే బంద్ అయితే చేతులు వణకడం, ఫిట్స్ రావడం, మతి తప్పినట్టు మాట్లాడడం జరుగుతది. అది కేసుకంటే ముందు చూడాల్సిన సంగతి, రిమాండ్ చేసే మేజిస్ట్రేట్‌కు అప్పుడే చెప్పి డాక్టర్‌కు చూపియ్యమని అడగండి.

తాగిన కేసు కాదు, గంజాయి దొరికిన కేసు. ముందుగాల ఏం కాయితాలు తీస్కోవాలె?

ఎఫ్‌ఐఆర్, పంచనామా, అరెస్ట్ మెమో, రిమాండ్ రిపోర్టు, మేజిస్ట్రేట్ ముందు చేసిన ఇన్వెంటరీ, ఫోటోలు, ల్యాబుకు పంపిన లెటర్ ఆఫ్ అడ్వైజ్ (సాంపిల్‌ల ఏం చూడాల్నో అడిగే లెటర్), ల్యాబు రిపోర్టు, స్టేషన్‌ల ప్రాపర్టీ రిజిస్టర్ కాపీ. చార్జిషీట్ తోని ఇయ్యాల్సినవి బీఎన్‌ఎస్‌ఎస్ 230 కింద ఫ్రీగనే ఇయ్యాలె, ప్రాపర్టీ రిజిస్టర్ లాంటిది కావాలంటే పిటిషన్ ఏసి తెప్పించుకోవాలె. అన్నీ వచ్చినంక ఒక తెల్ల కాయితం మీద తారీఖులు, టైములు వరుసగ రాసుకోండి, ఇంట్లోళ్లే రాయొచ్చు దీనికి లాయరే అక్కర్లేదు. పట్టుకున్న టైము, పంచనామా మొదలైన టైము, అయిపోయిన టైము, స్టేషన్‌కు వచ్చిన టైము, మేజిస్ట్రేట్ కాడికి పోయిన రోజు, ల్యాబుకు చేరిన రోజు. కొర్లపహాడ్ టోల్‌గేట్ కాడ ఆరు గంటలకు పంచనామా అయిపోయిందని రాసి, అదే ఆరు గంటలకు స్టేషన్‌ల ఎఫ్‌ఐఆర్ అయినట్టు ఉంటే అది ఆ కాయితం మీద కండ్లకు కొట్టొచ్చినట్టు కనబడతది.

బరువు గురించి అంత పట్టింపు ఎందుకు?

ఎందుకంటే గంజాయి కేసుల అన్నీ బరువు మీదనే ఉంటయి. కిలో లోపు చిన్న మోతాదు, ఏడాది దాంక జైలు లేదా 10,000 దాంక జరిమానా లేదా రెండూ. కిలో నుంచి 20 కిలోల దాంక మధ్య రకం, పదేండ్ల దాంక జైలు, లక్ష దాంక జరిమానా. 20 కిలోలు దాటితే కమర్షియల్, తక్కువల తక్కువ పదేండ్లు, ఇరవై ఏండ్ల దాంక, జరిమానా లక్ష నుంచి రెండు లక్షలు. కమర్షియల్ అయితే బెయిల్‌కు సెక్షన్ 37 అడ్డం వస్తది, ఈయన తప్పు చెయ్యలేదని నమ్మడానికి కారణాలున్నయి, బయటికి వస్తే మళ్లీ నేరం చెయ్యడు, ఈ రెండూ కోర్టుకు అనిపిస్తెనే బెయిల్.

ఒక లెక్క చెప్త. పది పొట్లాలు, బ్రౌన్ టేపు చుట్టినయి, మొత్తం కాంటా మీద పెడితే 20 కిలోల 600 గ్రాములు అని పంచనామల రాసిన్రు అనుకుందాం. టేపు, లోపటి ప్లాస్టిక్ కవర్, పేపర్ కలిపి ఒక్కో పొట్లానికి 80 గ్రాములు అనుకున్నా 800 గ్రాములు పోతయి, సరుకు 19 కిలోల 800. అంటే కమర్షియల్ కాదు, సెక్షన్ 37 లేదు, చార్జిషీట్‌కు 180 రోజుల గడువు లేదు, 60 రోజులే అని డిఫాల్ట్ బెయిల్ (గడువుల చార్జిషీట్ వెయ్యకపోతే హక్కుగ వచ్చే బెయిల్) అడగొచ్చు. ఇంత తేడా ఒక టేపు చుట్టల ఉన్నది. అందుకే పంచనామల రాసింది కవర్‌తోని కలిపిన బరువా ఉత్త సరుకు బరువా, కాంటా ఎక్కడిది, ఏ కిరాణా షాపాయన తెచ్చిండా, తూనికలు కొలతలోళ్ల ముద్ర ఉన్నదా, పొట్లాలు ఒక్కొక్కటి తూకం వేసిన్రా లేక అన్నీ ఒక్క బస్తల ఏసి తూచిన్రా, ఇవన్నీ అడగాలె. పచ్చి సరుకైతే ఎండినంక బరువు తగ్గుతది గూడ, మేజిస్ట్రేట్ ముందు తూచిన బరువు తక్కువ వస్తే పోలీసోళ్లు దీన్నే కారణం చెప్తరు, దానికి రెడీగ ఉండండి.

పొడుల సంగతి వేరే. హీరా సింగ్ కేసుల 2020ల సుప్రీంకోర్టు ఏమన్నదంటే మత్తు పదార్థంల వేరే పొడి కలిపి ఉంటే మొత్తం బరువే లెక్క, అసలు మందు ఎంతున్నదని వేరు చేసి చూడరు. అల్ప్రాజోలంల సుద్ద పొడి కలిపినం గాబట్టి తక్కువే అన్న వాదన ఇప్పుడు నడవది.

ఆకులు, కాడలు గూడ గంజాయి లెక్కలనే వస్తయా?

మంచి ప్రశ్న, చాలామంది అడగరు. చట్టంల గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ ఉండే కొసలు. పూత కొసలు లేకుండ ఉత్త ఆకులు, విత్తనాలు అయితే గంజాయి కిందికి రావు. మరి బస్తల కాడలు, ఆకులు, విత్తనాలు అన్నీ కలిపి తూకం వేసి 21 కిలోలు అని రాస్తే పూత కొసలు ఎన్ని కిలోలో ఎవరు చెప్పాలె? పంచనామల సరుకు ఎట్లున్నదని రాసిన్రో పదం పదం చదవండి. "ఎండిన ఆకులు, కాడలు, విత్తనాలతో కూడిన" అని వాళ్లే రాసుకుంటరు ఒక్కోసారి, పూత మాటే ఉండది. ల్యాబు రిపోర్టుల గూడ వాళ్లు చూసింది ఏ భాగం అన్నది ఉన్నదా చూడాలె. పూత కొసలతోని కలిసి ఉన్న ఆకులు అయితే మాత్రం ఈ వాదన బలహీనం, ఎందుకంటే చట్టంల మినహాయింపు కొసలు లేని ఆకులకే.

సాంపిల్ రోడ్డు మీదనే తీసి పంపిన్రు. అది కరెక్టేనా?

సెక్షన్ 52ఎ ప్రకారం సరుకు లిస్టు చేసుడు, ఫోటోలు తీసుడు, సాంపిల్ తీసుడు మేజిస్ట్రేట్ ముందు జరగాలె, ఆయన సర్టిఫై చెయ్యాలె. 2016ల మోహన్‌లాల్ కేసుల సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, పట్టుకున్న చోటనే సాంపిల్ తియ్యమని చట్టంల ఎక్కడా లేదని. 2022 డిసెంబర్ సంది కొత్త రూల్స్ గూడ వచ్చినయి. గంజాయికి 24 గ్రాముల సాంపిల్, అది గూడ రెండు సెట్లు తియ్యాలె. ల్యాబుకు ఆలస్యం లేకుండ పంపాలె, ల్యాబు 15 రోజులల్ల రిపోర్టు ఇయ్యాలె. 15 రోజులంటే కోర్టుల చుట్టూ తిరిగేటోళ్లకు నవ్వొస్తది గానీ రూలైతే రూలే, ఎక్కువ ఆలస్యమైతే ఎందుకైందో చెప్పమని అడగొచ్చు.

చాలా కేసులల్ల రెండు సార్లు సాంపిల్ తీస్తరు, స్పాట్ల ఒకటి, మేజిస్ట్రేట్ ముందు ఒకటి. ల్యాబుకు పోయింది ఏదో చూడండి. స్పాట్ల తీసింది పంపి, మేజిస్ట్రేట్ ముందు తీసింది స్టేషన్‌లనే ఉంచితే మంచి పాయింటు. పొట్లాలు పది ఉంటే అన్నిట్ల కెళ్లి తీసిన్రా, లేక ఒక్క పొట్లంల కెళ్లి తీసి పదింటికీ అదే అన్నరా అన్నది ఇంకో పాయింటు. అన్నీ కలిపి ఒక్క సాంపిల్ చేస్తే, అందుల ఒక్క పొట్లంలనే గంజాయి ఉన్నా మొత్తం పాజిటివ్ వస్తది గదా.

ల్యాబు రిపోర్టు చేతికొచ్చింది. ఎట్ల చదవాలె?

అందరు కింద ఒపీనియన్ చదివి మూసేస్తరు. పైనుంచి చదవండి. క్రైమ్ నంబర్ మీదేనా. ఏ తారీఖున చేరింది, తెచ్చిన కానిస్టేబుల్ నంబర్ ఏంది, ఆయన సాక్షుల లిస్టుల ఉన్నడా. నల్లగొండ నుంచి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌ల ఉన్న స్టేట్ ఫోరెన్సిక్ ల్యాబుకు పొద్దుగాల పోతే మధ్యాహ్నానికి చేరొచ్చు, స్టేషన్‌లకెళ్లి బయటికి పోయిన తారీఖుకు, ల్యాబుల చేరిన తారీఖుకు నడుమ రెండు రోజులు ఉంటే ఆ రెండు రాత్రులు ఆ కవరు ఎక్కడున్నది? సీళ్లు ఎన్ని, సీలు మీద అక్షరాలు ఏంది, పంచనామల చెప్పిన సీలు అదేనా, నమూనా సీలు వేరేగ పంపిన్రా, "సరిపోయింది" అని రాసిన్రా. సీలు కొట్టిన అచ్చు తర్వాత ఎవరి దగ్గరున్నది, అదే స్టేషన్ ఆఫీసర్ జేబుల ఉంటే మళ్లీ సీలు ఏసుకోవడానికి అడ్డమేంది. ల్యాబుల చేరినప్పుడు బరువు ఎంతున్నది, 24 గ్రాములు తీసినం అని రాసి ల్యాబుల 31 గ్రాములు వచ్చినట్టు ఉంటే అది వేరే పొట్లం అన్నట్టే.

ఏ టెస్టులు చేసిన్రో గూడ చూడాలె. రంగు మారే టెస్ట్ ఒక్కటే చేసి ఆపేసిన్రా, మైక్రోస్కోప్‌ల చూసిన్రా, టీఎల్‌సీ (పదార్థాలను విడగొట్టి చూసే టెస్ట్), జీసీ-ఎంఎస్ చేసిన్రా. కొన్ని రిపోర్టులు రెండే లైన్లు ఉంటయి, "పరీక్షించితిమి, గంజాయి అని తేలినది". ఎట్ల పరీక్షించితిరి అని అడిగే హక్కు మీకున్నది.

ల్యాబు సైంటిస్టును కోర్టుకు పిలిపించొచ్చా?

పిలిపించొచ్చు. బీఎన్‌ఎస్‌ఎస్ 329 కింద (పాత 293) ప్రభుత్వ నిపుణుల రిపోర్టు మనిషి రాకున్నా సాక్ష్యంగ తీస్కుంటరు, అందుకే పీపీ (సర్కారు లాయరు) రిపోర్టు పెట్టేసి ఊకుంటడు. కానీ కోర్టు ఆయనను పిలవొచ్చు, మనం పిటిషన్ ఏసి అడగాలె, ఎందుకు కావాల్నో కారణం రాయాలె. వర్క్‌షీట్లు, మిషన్ కెళ్లి వచ్చిన గ్రాఫులు గూడ తెమ్మని అదే పిటిషన్‌ల అడగండి. ఒక మాట మాత్రం, ఏం అడగాల్నో తెల్వకుండ ఆయనను పిలిపిస్తే రిపోర్టుల లేని వివరాలు చెప్పి వాళ్ల కేసునే గట్టిగ చేసి పోతడు. గంట సేపు కెమిస్ట్రీ చదువుకోని లాయరు పిలవకుంటేనే నయం.

మళ్లీ టెస్ట్ చేయించొచ్చా, ప్రైవేటు ల్యాబుల?

ప్రైవేటుల కాదు, సరుకు కోర్టు చేతిల ఉంటది గదా. రీటెస్ట్ అడగొచ్చు గానీ థానా సింగ్ కేసుల 2013ల సుప్రీంకోర్టు గట్టి షరతులు పెట్టింది. రిపోర్టు అందిన 15 రోజులల్ల అడగాలె, అది గూడ చాలా అరుదైన సందర్భంలనే, బలమైన కారణం ఉంటెనే. చాలామంది రిపోర్టు తీస్కొని సంచిల పెట్టుకొని రెండు నెలలకు లాయర్ కాడికి వస్తరు, అప్పటికి తలుపు మూసుకపోయినట్టే. రిపోర్టు అందిన తారీఖును కాపీ మీదనే రాసిపెట్టుకోండి. పెద్ద సరుకును ట్రయల్‌కు ముందే కాలబెట్టడానికి చట్టంల దారి ఉన్నది, అప్పుడు మిగిలేది ఆ రెండో సెట్ సాంపిలే, అది జాగ్రత్తగ ఉందా లేదా ముందే కనుక్కోవాలె.

సెక్షన్ 50 చెప్పకుండ జేబులు వెతికిన్రు. కేసు కొట్టేస్తరా?

ఒంటి మీద వెతికేటప్పుడు గెజిటెడ్ ఆఫీసర్ ముందో మేజిస్ట్రేట్ ముందో సోదా చెయ్యమని అడిగే హక్కు నీకున్నదని చెప్పాలె. ఇది ఉత్త ఫార్మాలిటీ కాదని 2010ల విజయ్‌సిన్హ్ జడేజా కేసుల రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఇద్దరు ముగ్గురిని పట్టుకుంటే అందరికీ కలిపి ఒక్క కాయితం ఇయ్యొద్దు, ఎవరికి వాళ్లకు చెప్పాలె, ఇది 2014ల పర్మానంద్ కేసు. ఆడోళ్లను ఆడోళ్లే వెతకాలె.

కానీ బ్యాగుల, డిక్కీల, లారీ క్యాబిన్ల దొరికితే సెక్షన్ 50 రాదు, 2023ల గూడ సుప్రీంకోర్టు మళ్లీ అదే చెప్పింది. మన హైవే కేసులల్ల ఎక్కువ శాతం కారు డిక్కీలు, ట్రాలీ బ్యాగులే, అందుకే అందరు చెప్పే ఈ సెక్షన్ 50 అనుకున్నంత పనికిరాదు.

వీడియో తియ్యలేదు, అదేమన్న పాయింటా?

2024 జులై 1 తర్వాత కేసు అయితే పాయింటే. బీఎన్‌ఎస్‌ఎస్ 105 ప్రకారం సోదా, సీజర్ అంతా వీడియో తియ్యాలె, సెల్‌ఫోన్‌తోనైనా సరే. వీడియో ఉన్నదంటే కాపీ అడిగి పంచనామా పక్కన పెట్టుకొని చూడండి, పొట్లాల లెక్క, తూకం, సంతకాలు పెట్టిన టైము. టోల్‌గేట్ సీసీటీవీ గూడ ఉంటది, కానీ అది ఎక్కువ రోజులు ఉంచరు, మొదటి వారంలనే కోర్టుల పిటిషన్ ఏసి భద్రపరచమని అడగాలె, ఇంట్లోళ్లు ఏడ్చుకుంట కూసుంటె ఫుటేజ్ చెరిగిపోతది.

స్టేషన్‌ల "నేనే అమ్మిన" అని రాయించుకోని సంతకం పెట్టించుకున్నరు.

పోలీసోళ్ల ముందు ఒప్పుకున్నది సాక్ష్యం కాదు. సెక్షన్ 67 కింద వేరే ఆఫీసర్లు రాసుకున్నది గూడ ఒప్పుకోలుగ చెల్లదని 2020ల తోఫాన్ సింగ్ కేసుల తేల్చిన్రు. ఒకడు ఇంకొకని పేరు చెప్పిండు అన్నదాని మీదనే అరెస్టయినోళ్లకు బెయిల్ కాడ ఇది బాగ పనికొస్తది.

చార్జిషీట్‌ల ల్యాబు రిపోర్టే లేదు. బెయిల్ వస్తదా?

కమర్షియల్ అయితే చార్జిషీట్‌కు 180 రోజులు. రిపోర్టు లేకుండ వేసిన చార్జిషీట్ పూర్తయినట్టా కాదా అన్నదాని మీద హైకోర్టులు తలో మాట చెప్పినయి, కాబట్టి అడగడంల తప్పులేదు, వస్తదని మాత్రం ఇంట్ల చెప్పకండి. గడువు దాటిన రోజే పిటిషన్ పడాలె, వాళ్లు చార్జిషీట్ వేసినంక పోతే ఆ హక్కు పోయినట్టే.

ఇన్ని తప్పులున్నయి గదా, ఒక్కటి దొరికితే కేసు కొట్టేస్తరు అని మా దోస్తు అన్నడు.

దోస్తులు అట్లనే చెప్తరు. 2025 జనవరిల భరత్ ఆంబలే కేసుల సుప్రీంకోర్టు క్లియర్‌గ చెప్పింది, 52ఎ పాటించలేదన్న ఒక్క కారణంతోని కేసు దానంతట అదే పోదు, మిగిలిన సాక్ష్యం నమ్మేటట్టు ఉంటే శిక్ష పడొచ్చు. ఫిర్యాదు చేసినాయనే దర్యాప్తు చేసిండు గాబట్టి కేసు చెల్లదు అని ఇప్పటికీ కొందరు వాదిస్తరు, అది 2020ల ముకేశ్ సింగ్ కేసుతోనే అయిపోయింది. పంచులు (పంచనామా సాక్షులు) హోస్టైల్ అయినా, అంటే కోర్టుల మాట మార్చినా, పోలీసోళ్ల సాక్ష్యం నమ్మశక్యంగ ఉంటే చాలు. కాబట్టి తప్పులను ఒకదానికొకటి కలపాలె. సీలు తేడా ఒక్కటే అయితే చిన్నది, సీలు తేడా, రెండు రోజుల గ్యాపు, 7 గ్రాముల బరువు తేడా మూడూ ఒక్క పొట్లం మీద పడితే అప్పుడు ఆ పొట్లం మీద నమ్మకం పోతది.

చిన్న కేసే గదా, ఒప్పుకొని ఫైన్ కట్టేసుకుంటె అయిపోతదని స్టేషన్‌ల చెప్పిన్రు.

ఫైన్ కడితే కేసు పోదు, శిక్ష పడ్డట్టు రికార్డు అయితది. కానిస్టేబుల్ పరీక్ష రాసే పిలగాడు, పాస్‌పోర్టు పెట్టుకున్నోడు, గల్ఫ్‌కు పోయేటోడు ఆ ఫైన్ కాడ తొందరపడి తర్వాత బాధపడతరు. ఒప్పుకునే ముందు కాయితాలు ఒకసారి లాయర్‌కు చూపియ్యండి, ఉత్త స్ట్రిప్ మీదనే పెట్టిన కేసు అయితే మస్తు బలహీనంగ ఉంటది.

నిజంగనే వానికి అలవాటు ఉంది. ఏం జెయ్యాలె?

అలవాటైన మనిషి చిన్న మోతాదు కేసులనో, సెక్షన్ 27 కేసులనో ఇరుక్కుంటే, తనంతట తాను సర్కారు గుర్తించిన దవాఖానల చికిత్సకు ఒప్పుకుంటే సెక్షన్ 64ఎ కింద కేసుకెళ్లి రక్షణ ఉన్నది, చికిత్స మధ్యల వదిలేస్తే అది పోతది. శిక్ష పడ్డంక గూడ సెక్షన్ 39 కింద జైలుకు బదులు చికిత్సకు పంపమని అడగొచ్చు. ఇట్లాంటోని కోసం అబద్ధపు డిఫెన్స్ అల్లడం కంటే ఈ దారే మంచిదని నేను చెప్త.

డ్రంక్ అండ్ డ్రైవ్‌ల గూడ ఇవే వర్తిస్తయా?

అది మోటార్ వెహికల్స్ చట్టం, సెక్షన్ 185, వంద మిల్లీలీటర్ల రక్తంల 30 మిల్లీగ్రాములు దాటితే. మిషన్ కాలిబ్రేషన్ సర్టిఫికెట్, ప్రింటౌట్ మీద టైము, మీ పేరు, నంబర్ చూసుకోండి. వాసన వచ్చింది, తూలిండు అన్నంత మాత్రాన సరిపోదని 1971ల బచ్చూభాయ్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. ఊదకపోతే గూడ ఇబ్బందే, అది వద్దు.

లాయర్‌కు పైసల్లేవు.

జైల్ల ఉన్న ఎవ్వరికైనా ఫ్రీ లాయర్ హక్కు, ఆదాయంతోని సంబంధం లేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ కోర్టులల్ల జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుకు పోండి, లేదా 15100కు ఫోన్ చెయ్యండి. జైల్ల ఉన్నోడు అక్కడి సూపరింటెండెంట్‌కు అర్జీ ఇస్తే సాలు. పోయేటప్పుడు పైన చెప్పిన తారీఖుల కాయితం, మందుల చిట్టీలు, రిపోర్టు అందిన రోజు, ఈ మూడు వెంట తీస్కపోండి, ఆ లాయర్‌కు రోజుకు ఎన్నో ఫైళ్లు ఉంటయి, మీరు సగం పని చేసుకపోతే మీ ఫైలు ముందుగాల తెరుస్తడు.